కారు ముందు గరాటు

పొయ్యి రాజుకోకపోతే ఏం చేస్తారు? ఊదుగొట్టం తీసుకుని ఊదుతారు. పొగ తగ్గుతుంది. మంట లేస్తుంది. కట్టె అదే. పొయ్యి అదే. ఎక్కువైంది గాలి ఒక్కటే.

కమ్మరి కూడా ఇదే పని చేస్తాడు. కొలిమిలో బొగ్గు పోసి తిత్తి ఊదుతాడు. తిత్తి ఆగితే బొగ్గు నల్లబడుతుంది. తిత్తి ఆడితే ఇనుము ఎర్రగా కాలుతుంది.

కారు ఇంజను కూడా ఒక పొయ్యే. దాని కట్టె పెట్రోలు. దానికీ గాలి కావాలి. ఎంత కావాలి? వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఒక్క లీటరు పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 9 వేల లీటర్ల గాలి పడుతుంది. 15 లీటర్ల బిందెతో కొలిస్తే 600 బిందెలు! పెట్రోలును లీటరు లెక్కన కొలిచి డబ్బు కడతాం. గాలికి కొలతా లేదు, డబ్బూ లేదు. అందుకే దాని సంగతి ఎవరూ పట్టించుకోరు.

బండి జోరు మీద మోజున్న వాళ్లు మాత్రం పట్టించుకుంటారు. ఇంజనుకు ఇంకాస్త గాలి పంపితే బండి ఇంకా ఊపందుకుంటుంది కదా అని వాళ్ల ఆలోచన. అందుకని కారు ముందు భాగంలో ఒక గరాటు పెడతారు. దాని నుంచి ఇంజను దాకా ఒక గొట్టం వేస్తారు. కారు ముందుకు పోతుంటే ఎదురుగాలి గరాటులో పడుతుంది. గొట్టం గుండా ఇంజనులోకి తోసుకుపోతుంది. చెప్పుకోవడానికి బాగుంది.

టాక్సీ నడుపుకునే కొడుకు ఒక రోజు ఇంటికొచ్చి ఇలా అన్నాడనుకోండి: "అమ్మా, బండికి గాలి గొట్టం పెట్టిస్తానే. దూసుకుపోతుందట. మైలేజీ కూడా పెరుగుతుందట. ఒక రెండు వేలు సర్దవూ?"

ఆ రెండు వేలు పొదుపు సంఘం డబ్బులోంచి తీయాలి. ఇవ్వాలా, వద్దా? గొట్టం ఏం చేస్తుందో తెలిస్తే గానీ చెప్పలేం. బండి అన్నం పెట్టే ఇంట్లో బండి సంగతి ఆడవాళ్లకు ఎందుకులే అనుకుంటే కుదరదు.

ఇంజను ఊపిరి

మారుతి 800 కారు చాలామందికి తెలుసు. 1983 డిసెంబరులో మొదటి కారు అమ్మారు. 2014లో తయారీ ఆపేశారు. ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. దాని ఇంజనులో మూడు సిలిండర్లు ఉంటాయి. సిలిండరు అంటే గుండ్రటి ఇనుప గొట్టం. రోట్లో రోకలి ఆడినట్టు సిలిండరులో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. పిస్టన్ కిందికి దిగితే సిలిండరులోకి గాలీ పెట్రోలూ వస్తాయి. పైకి లేస్తే అవి నలిగి చిన్న చోట ఇరుక్కుంటాయి. అప్పుడు నిప్పురవ్వ పడుతుంది. భగ్గుమని మండుతుంది. ఆ దెబ్బకు పిస్టన్ కిందికి పోతుంది. బండి నడిచేది ఆ దెబ్బతోనే. మళ్లీ పైకి లేచినప్పుడు పొగ బయటికి పోతుంది.

మూడు సిలిండర్లూ కలిపి ఒక విడత పీల్చగలిగే గాలి 800 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ. కారు పేరులోని 800 అదే. ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరుగుతూ, పెడలు పూర్తిగా తొక్కి ఉంటే, నిమిషంలో దాదాపు 1200 లీటర్ల గాలి పీల్చగలదు. అంటే 80 బిందెలు. ఒక్క నిమిషంలో!

ఇంజను గాలిని పీలుస్తుంది అంటాం గానీ, నిజానికి బయటి గాలే లోపలికి తోసుకొస్తుంది. గాలికి బరువుంది. మన చుట్టూ ఉన్న గాలి, వేలి గోరంత చోటు మీద సుమారు కిలో బరువుతో ఒత్తుతూ ఉంటుంది. అన్ని వైపుల నుంచీ సమానంగా ఒత్తుతుంది కాబట్టి మనకు తెలియదు. పిస్టన్ కిందికి దిగి ఖాళీ ఏర్పడగానే ఆ బరువే గాలిని లోపలికి నెడుతుంది. అంతకుమించి ఎవరూ నెట్టరు. ఇలాంటివి టర్బో లేని ఇంజన్లు.

మరి టర్బో అంటే ఏమిటి? కమ్మరి తిత్తి లాంటిది. ఇంజను వదిలే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రానికి కట్టిన ఇంకో చక్రం బయటి గాలిని లోపలికి బలంగా కుక్కుతుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యుకి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. టర్బో ఇంజనులోనే అమరి వస్తుంది. లేని బండికి తర్వాత పెట్టించాలంటే బోలెడు ఖర్చు. అందుకే టర్బో లేని కారు ఉన్నవాళ్ల చూపు గరాటు మీద పడుతుంది.

ఇంగ్లీషులో దీన్ని 'రామ్ ఎయిర్' అంటారు. రామ్ అంటే ఇక్కడ రాముడు కాదు. పొట్టేలు! పొట్టేలు తల వంచి ఎదురొచ్చి ఢీకొట్టినట్టు గాలి వచ్చి ఢీకొడుతుందని ఆ పేరు. 1960లలో అమెరికాలో పాంటియాక్ అనే కంపెనీ ఈ పేరు పెట్టి కార్లు అమ్మింది. బానెట్టు మీద గాలి కోసం పెద్ద నోళ్లు పెట్టింది. కుర్రకారు ఎగబడి కొన్నారు. అప్పటినుంచీ ఈ మోజు దేశదేశాలా పాకింది. కంపెనీ పెట్టని చోట సొంతంగా చేసుకోవడం మొదలైంది.

పొట్టేలు బలమెంత?

బస్సు కిటికీలోంచి చెయ్యి బయట పెడితే గాలి చేతిని వెనక్కి నెడుతుంది. (పెట్టకూడదు గానీ, చిన్నప్పుడు అందరూ పెట్టినవాళ్లే.) బలంగా నెట్టినట్టే ఉంటుంది. మరి ఆ నెట్టుడు ఇంజనుకు సరిపోతుందా?

దీన్ని కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ లెవెలు చూసే నీళ్ల పైపు ఉంటుంది కదా, అది చాలు. లోపలి నీళ్లు కనిపించే పైపు అది. దాన్ని 'ఉ' అక్షరం కింది గిన్నెలాగా వంచి నీళ్లు పోస్తే, రెండు వైపులా నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి. ఇప్పుడు ఒక కొసను కదలని గాలిలో ఉంచి, రెండో కొసను ఎదురుగాలికి పెట్టాలి. గాలి ఒత్తిన వైపు నీళ్లు దిగుతాయి. రెండో వైపు లేస్తాయి. ఆ తేడాయే గాలి నెట్టుడు.

కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఆ తేడా 2 సెంటీమీటర్ల లోపే. 100 కిలోమీటర్ల వేగంలో 5 సెంటీమీటర్ల లోపు. బొటనవేలంత.

మరి మన చుట్టూ ఊరికే ఉన్న గాలి ఒత్తిడిని ఇదే నీళ్ల పైపుతో కొలిస్తే ఎంతుంటుంది? సుమారు 10 మీటర్లు! అంటే వెయ్యి సెంటీమీటర్లు. బావి పైన కూర్చున్న పంపు ఎంత గొప్పదైనా, పది మీటర్ల లోతుకు మించి నీళ్లను పీల్చలేకపోవడానికి కారణం ఇదే. అక్కడ నీళ్లను పైకి నెట్టేది కూడా ఈ గాలి బరువే.

వెయ్యి సెంటీమీటర్ల ముందు అయిదు సెంటీమీటర్లు ఎంత? డబ్బుల్లో చెప్పుకుంటే తేలిక. ఇంజనుకు ఊరికే దొరికే గాలి వెయ్యి రూపాయలు అనుకుందాం. 60 వేగంలో గరాటు తెచ్చేది రూపాయిన్నర. 100 వేగంలో నాలుగున్నర. అదీ ఎక్కడా గాలి కారిపోకుండా గొట్టం చక్కగా కుదిరితేనే. మారుతి 800 ఇంజను బలం 40 గుర్రాలంత అనుకుంటే, 100 వేగంలో అదనంగా వచ్చేది ఒక గుర్రంలో అయిదో వంతు కూడా కాదు. నడిపేవాడికి అది తెలియను కూడా తెలియదు. బండి జోరుగా పోతున్నట్టు అనిపిస్తే, అది చాలావరకు చప్పుడు మారడం వల్ల. గొట్టం మారితే ఇంజను గాలి పీల్చే చప్పుడు గట్టిగా వినిపిస్తుంది.

అయితే గాలి నెట్టుడులో ఒక తమాషా ఉంది. వేగం రెట్టింపయితే నెట్టుడు నాలుగు రెట్లవుతుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో పోయే పందెం కారుకు వెయ్యికి 18 రూపాయలంత దొరుకుతుంది. పందెంలో అదీ లెక్కే. ఆకాశంలో మహావేగంగా పోయేవాటికయితే ఇది పెద్ద వరం. హైదరాబాదులోని రక్షణ పరిశోధన సంస్థ డి.ఆర్.డి.ఎల్. తయారుచేసిన ఆకాశ్ క్షిపణి ఈ సూత్రం మీదే నడుస్తుంది. అది శబ్దం కన్నా రెండు రెట్లకు మించిన వేగంతో పోతుంది. ఆ వేగంలో ఎదురుగాలి దానంతట అదే ఎన్నో రెట్లు నలిగి ఇంజనులో దూరుతుంది. తిత్తితో పనే లేదు. అదే సూత్రం మన ఊరి రోడ్డు మీద, గతుకుల్లో, గేదెల మధ్య 40 వేగంతో పోయే కారుకు ఏ మూలకు వస్తుంది?

చల్లగాలి లాభం

గొట్టం వల్ల అసలు లాభమే లేదా అంటే, ఉంది. అది నెట్టుడు వల్ల కాదు, చల్లదనం వల్ల.

వేడి గాలి పలచన. చల్లగాలి చిక్కన. అదే బిందెలో చల్లగాలి ఎక్కువ పడుతుంది. బానెట్టు కింద ఇంజను వేడికి గాలి 60 డిగ్రీలు ఉందనుకోండి. బయట 35 డిగ్రీలు ఉంది. ఇంజను లోపలి వేడి గాలికి బదులు బయటి గాలి పీలిస్తే, వెయ్యికి సుమారు 80 రూపాయలంత ఎక్కువ గాలి దొరుకుతుంది. రూపాయిన్నర ఎక్కడ, 80 ఎక్కడ! ఇంటి గొట్టం వల్ల బండి నిజంగా బాగుపడిందని ఎవరైనా చెబితే, అది చాలాసార్లు ఈ చల్లగాలి గొప్పే.

కానీ ఈ సంగతి కారు చేసిన కంపెనీకి తెలియదా? తెలుసు. అందుకే చాలా కార్లకు ముందు జాలీ వెనక నుంచో, మడ్‌గార్డు పక్క నుంచో బయటి గాలి తెచ్చే నల్లటి ప్లాస్టిక్ గొట్టం ముందే ఉంటుంది. పాత బండిలో అది విరిగిపోతుంది. మరమ్మతుకు విప్పినప్పుడు మళ్లీ పెట్టరు. అప్పుడు ఇంజను తన వేడి గాలి తానే పీలుస్తుంది. కొడుకు గొట్టం పెట్టిస్తానన్నప్పుడు తల్లి అడగాల్సిన మొదటి మాట ఇదే: "బండితో వచ్చిన గొట్టం ఉందా, ఊడిందా నాయనా?" ఊడి ఉంటే అది తెచ్చి పెట్టుకుంటే చాలు.

ఇక మైలేజీ సంగతి. ఎక్కువ గాలి అంటే దానికి తగ్గ ఎక్కువ పెట్రోలు కూడా. ఊదితే కట్టె త్వరగా అయిపోదా? పైగా పెట్రోలు ఇంజనుకు గాలి వచ్చే దారిలో ఒక తలుపు ఉంటుంది. పెడలు తొక్కితే తెరుచుకుంటుంది. వదిలితే మూసుకుంటుంది. టాక్సీ నడిపేవాడు రోజులో ఎక్కువసేపు సగం కూడా తొక్కడు. కుళాయి సగం మూసి, ట్యాంకు రెండు అంగుళాలు పైకి లేపితే లాభమేమిటి? గొట్టంతో మైలేజీ పెరుగుతుందన్న మాట నమ్మదగ్గది కాదు.

చేసేవాళ్లు ఎలా చేస్తారు?

అయినా సరదా పడి చేసేవాళ్లు ఉంటారు. చేసే తీరు తెలిస్తే మంచీ చెడూ చెప్పవచ్చు.

ముందు జాలీ వెనక, రేడియేటరుకు గాలి అడ్డుపడని చోట గరాటు బిగిస్తారు. దాని నోరు వెడల్పుగా, తోక సన్నగా ఉంటుంది. తోక కంపెనీ గొట్టం కన్నా సన్నగా ఉంటే ఉన్న గాలి కూడా తగ్గుతుంది. అక్కడి నుంచి గొట్టం ఎయిర్ ఫిల్టరు డబ్బా దాకా పోతుంది. గొట్టం ఎన్ని తక్కువ వంపులు తిరిగితే అంత మంచిది. తిరిగే చోట మెల్లగా తిరగాలి. ఇంటికి వాడే పి.వి.సి. పైపు చవకే గానీ, వేడికి మెత్తబడి సొట్టపోతుంది. పొగ గొట్టం దగ్గర అసలు పనికిరాదు. వేడికి ఆగే రబ్బరు గొట్టం వాడాలి. ఇంజను ఎప్పుడూ అదురుతూ ఉంటుంది కాబట్టి ఇంజను వైపు కొస మెత్తగా వంగేదిగా ఉండాలి. లేకపోతే క్లిప్పు దగ్గర చిరుగుతుంది.

గొట్టంలో అన్నిటికన్నా పల్లపు చోట ఒక చిన్న రంధ్రం పెట్టాలి. వాన నీరు చేరితే అక్కడినుంచి కారిపోతుంది. తెలిసిన మెకానిక్ ఇది మరచిపోడు. అయితే ఈ రంధ్రం చినుకుల నీటికే. రోడ్డు మీద నిలిచిన నీటికి ఇది అడ్డం కాదు.

ఎయిర్ ఫిల్టరును మాత్రం ఎవరూ తీసేయకూడదు. కొందరు "వడపోత గాలిని ఆపుతుంది, తీసేస్తే బండి లాగుతుంది" అంటారు. వడపోత ఆపేది దుమ్మును. దుమ్ములో ఉండేది సన్నటి ఇసుక. అది సిలిండరులోకి పోతే, గిన్నె తోమినట్టు లోపల గోడలను గీస్తూనే ఉంటుంది. గిన్నె తోమితే మెరుస్తుంది. సిలిండరు తోమితే అరుగుతుంది. తర్వాత నీలం పొగ వస్తుంది. ఇంజను ఆయిలు తాగుతుంది. బోరు చేయించడానికి వేలకు వేలు.

నీళ్లు తాగితే

గొట్టంలో పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. గరాటును ఎదురుగాలి బాగా తగలాలని చాలామంది బంపరు కింద, నేలకు దగ్గరగా పెడతారు. ఎండాకాలమంతా బాగానే ఉంటుంది. వాన పడితే తెలుస్తుంది.

సూది లేని సిరంజి ఒకటి తీసుకోండి. అందులోకి గాలి పీల్చి, మూతిని వేలితో మూసి, వెనక నుంచి నొక్కండి. నలుగుతుంది. వదిలితే వెనక్కి వస్తుంది. ఇప్పుడు నీళ్లు పీల్చి, అలాగే మూసి నొక్కండి. ఎంత బలంగా నొక్కినా కదలదు. గాలి నలుగుతుంది. నీరు నలగదు.

ఇంజనులోనూ అంతే. మారుతి 800 లాంటి ఇంజనులో ఒక్కో సిలిండరులో సుమారు 300 మిల్లీలీటర్ల గాలి నలిగి 35 మిల్లీలీటర్ల చోటులో ఇరుకుతుంది. ఆ 35కు మించి నీళ్లు చేరితే పిస్టన్ పైకి లేవలేదు. ఎన్ని నీళ్లవి? పూర్తిగా టీ గ్లాసుడు కూడా కాదు. నిమిషానికి 80 బిందెల గాలి పీల్చే నోరు నీటి మట్టానికి దిగితే, ఆ కాసిని నీళ్లు తాగడానికి ఎంతసేపు? ఇంజను జోరుగా తిరుగుతూ ఒక్కసారిగా ఆగుతుంది. పిస్టన్‌ను మోసే ఇనుప కడ్డీ వంగిపోతుంది. ఒక్కోసారి విరిగి ఇంజను గోడనే పగలగొడుతుంది. అప్పుడు ఇంజను విప్పక తప్పదు. ఇంజను ఆగిన రోజు నుంచి ఇంటికి టాక్సీ కూలి రాదు. ఫైనాన్సు వాయిదా మాత్రం ఆగదు.

2020 అక్టోబరులో హైదరాబాదులో వరదలు వచ్చాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగాయి. రెండు చోట్లా బండ్లు లెక్కలేనన్ని నీటిపాలయ్యాయి. మునిగిన బండి ఏ గొట్టం ఉన్నా మునుగుతుంది. కానీ మోకాలి లోతు నీళ్లలో ఒక బండి దాటిపోతే, నోరు కిందికి పెట్టుకున్న బండి మధ్యలో ఆగిపోతుంది. అందుకే గొట్టం నోరు ఎక్కడుందో బండి ఆపి వంగి చూడాలి. హెడ్‌లైట్ల ఎత్తుకు తగ్గకుండా ఉంటే నయం. బంపరు కింద ఉంటే, అది ఎంత ఖరీదైనదైనా వానాకాలానికి ముందే తీయించేయాలి.

ఇన్సూరెన్సు ఉంది కదా అనుకోవడానికీ లేదు. నీళ్లు తాగి ఇంజను చెడితే మామూలు పాలసీలు చాలాసార్లు డబ్బు ఇవ్వవు. ఇంజను రక్షణకు విడిగా ప్రీమియం కట్టి ఉండాలి. బండిలో మార్పు చేసిన సంగతి కంపెనీకి చెప్పకపోతే అదొక తగాదా. పాలసీ కాగితం తీసి, అందులో ఇంజను గురించి ఏం రాసి ఉందో చదవాలి. అర్థం కాకపోతే ఏజెంటును కూర్చోబెట్టి చదివించుకోవాలి.

ఇంతకీ ఆ రెండు వేలు? చిన్న కారుకు కొత్త ఎయిర్ ఫిల్టరు కొని, ఊడిన కంపెనీ గొట్టం బిగించినా అందులో కొంత మిగులుతుంది. మట్టి పట్టిన ఫిల్టరు బండి ఊపిరిని ఆపుతుంది. పాత కార్బురేటరు బండ్లలో అయితే దాని వల్ల నల్ల పొగ వస్తుంది, పెట్రోలు వృథా అవుతుంది. కంకర రోడ్ల మీద తిరిగే బండికి ఫిల్టరును కంపెనీ చెప్పిన గడువు కన్నా ముందే మార్చాలి.

నీళ్లలో బండి ఆగిపోతే చేయాల్సిన పని ఒకటుంది. చేయకూడని పని ఒకటుంది. తాళం తిప్పి మళ్లీ స్టార్టు చేయకూడదు. అప్పటిదాకా వంగని కడ్డీ అప్పుడు వంగుతుంది. బండిని నలుగురూ కలిసి చేత్తో మెరక మీదికి తోయాలి. గేరు తీసేసి తోయాలి. మెకానిక్ వచ్చి ఎయిర్ ఫిల్టరు డబ్బా తెరుస్తాడు. లోపల కాగితం తడిసి ఉంటే నీళ్లు లోపలికి వెళ్లినట్టే. అప్పుడు ప్లగ్గులు విప్పి, ఇంజనును మెల్లగా చేత్తో తిప్పి, ఆ రంధ్రాల్లోంచి నీళ్లు కక్కించాలి. ఆయిలు తెల్లగా మజ్జిగలా మారి ఉంటే మొత్తం తీసి కొత్తది పోయాలి. ప్లగ్గులు ఆరబెట్టి బిగించాక, తాళం అప్పుడు తిప్పాలి.